కాగితంలో సమాధి, పియానోలో పెళ్లి

ఇలా దగ్గరికి జరగండి, గట్టిగా చెప్పే సంగతి కాదిది. జర్మనీలోని సాక్సనీకి రైలు కొత్తగా వచ్చిన రోజుల్లో, అక్కడి ఒక చిన్న ఊళ్లో, భర్త పోయిన ఒట్టీలీ పిల్లలకు పియానో నేర్పుతూ బతికేది. ఒకరోజు మధ్యాహ్నం ఆమె ఊరివాళ్లకు కొత్త తరహా సంగీతం రుచి చూపించాలి. సంగీత సభ పెద్ద, బట్టల వ్యాపారి వెంట్సెల్‌గారు మెచ్చితే బడిలో సంగీతం పంతులమ్మ ఉద్యోగం. లేకుంటే ఇల్లు ఖాళీ చేసి అక్క పంచన చేరడమే.

పాత సంగీతానికి చెవులుంటే చాలు. కొత్తదానికి కథ కావాలి. ఇక్కడ తుఫాను, ఇక్కడ వియోగం అని అచ్చేసిన కాగితం చేతిలో ఉంటేనే జనం కదిలేవారు. ఒట్టీలీ కాగితాలు ముందురోజే ఇంటింటికీ చేరాయి: మొదట భర్త సమాధి దగ్గర భార్య శోకం, తర్వాత పల్లెలో పెళ్లి నాట్యం.

పొద్దున సాధనలో పియానో మంద్రస్థాయి తీగ టప్పున తెగింది. శోకమంతా ఆ తీగ మీదే ఉంది. "విరామంలో వేస్తానమ్మా, అంతకుముందు నా వల్ల కాదు" అన్నాడు మరమ్మతు చేసేవాడు. సరే, పెళ్లే ముందు కానిద్దాం అనుకుని, ఆ మార్పు సభకు చెప్పమని అక్క కూతురు ఆడెల్‌హైడ్‌ను పంపింది. ఆ పిల్ల వేదికెక్కి, ముందు వరుసలో వెంట్సెల్‌గారి ముడిపడ్డ కనుబొమలు చూసి జడిసి, పక్కనున్న పూలకుండీకి మాత్రం వినబడేలా చెప్పి దిగింది.

"చెప్పావా?"

"చెప్పాను పిన్నీ."

పెళ్లి నాట్యం మొదలైంది. జనం చేతిలో సమాధి ఉంది.

"పాపం, గుండె ఎలా కొట్టుకుంటోందో" అంటూ పాస్టరుగారి భార్య చేతిరుమాలు తీసింది. ఆ ఏడే భార్యను కాటికి సాగనంపిన వెంట్సెల్‌గారు భోరుమన్నారు. పాస్టరుగారు పోయినవాడికి గౌరవంగా లేచి నిలబడ్డారు. ఆయన నిలబడ్డాక కూర్చుంటే బాగుండదని సభంతా లేచింది. అందరూ వెళ్లిపోతున్నారని ఒట్టీలీ బెదిరి వేగం పెంచింది. వేగం పెరిగేకొద్దీ ఏడుపు పెరిగింది.

విరామంలో కొత్త తీగ పడింది. శోకం వాయిస్తుంటే జనం చిరునవ్వులతో తలలూపారు.

"పెళ్లికూతురు ఎంత నెమ్మదస్తురాలో."

"మా కోడల్ని చూడలేదు మీరు."

అంతా అయ్యాక వెంట్సెల్‌గారు తడిసిన కాగితంతో వచ్చారు. "అమ్మా, నా దుఃఖం నాకొక్కడికే తెలుసనుకున్నాను."

ఆయన వేలు ఏ వరుస మీద ఉందో చూసేసరికి ఒట్టీలీకి సంగతి అర్థమైంది. ఊరుకుంటే ఉద్యోగం చేతిలో పడేది. మనసొప్పలేదు.

"అయ్యా, మీరు ఏడ్చింది పెళ్లి నాట్యానికి."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "మా పెళ్లిలో ఆవిడ అచ్చం అలాగే ఆడింది" అన్నారు. "పొరపాటు కాగితానిదే, నాది కాదు. సోమవారం బడికి రండి."

ఇది గుర్తుపెట్టుకుని మీవాళ్లకూ చెప్పండి. ఏది పెళ్లో, ఏది సమాధో మాత్రం ముందే చెప్పకండి.