దాలమ్మ తాండ్రకు నోటీసు

బొబ్బిలి పక్కనున్న ఆ ఊళ్లో గాలి దివ్యంగా ఉందని ఇనుప కార్ఖానా గేటు దగ్గరి బోర్డు రోజూ పచ్చటి అక్షరాల్లో ప్రకటిస్తుంది. పొద్దున్నే ఓ ఉద్యోగి నిచ్చెనెక్కి దాని మీది మసి తుడుస్తాడు. తుడవకపోతే గాలి ఎంత స్వచ్ఛంగా ఉందో జనానికి కనిపించదు మరి. గాలిని కొలిచే యంత్రాన్ని మాత్రం కార్ఖానా అతిథిగృహం తోటలో, మల్లెపందిరి కింద పెట్టారు. ఖరీదైన యంత్రం, దుమ్ము పడితే పాడైపోదూ!

ఇంత మంచి గాలిలో ఉండి కూడా దాలమ్మకు తృప్తి లేదు. ముప్పై ఏళ్లుగా మామిడి తాండ్ర చేసి బతుకుతున్న మనిషి. రసంలో బెల్లం కలిపి చాప మీద పల్చగా పోస్తుంది, ఎండాక మర్నాడు దాని మీద ఇంకో పొర పోస్తుంది. ఈ ఏడాది ఇరవై పొరలు పోసి కోసి చూస్తే, ప్రతి రెండు పొరల మధ్యా కాటుకతో గీసినట్టు నల్లటి చార. విజయనగరం వర్తకుడు బంగారురాజు ఓ ముక్క నోట్లో వేసుకుని, ఇసుక నమిలినట్టు మొహం పెట్టి సరుకంతా తిప్పి పంపేశాడు. ఈ వేసవి తాండ్ర అమ్ముడుపోకపోతే ఏడాదంతా ఆమెకు పొయ్యి వెలగదు. దాలమ్మకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది.

అదే వారం కార్ఖానాను ఇంకా పెద్దది చెయ్యడానికి ప్రజాభిప్రాయ సభ పెట్టారు. "ఇంతటి నిర్మలమైన గాలి పీల్చే భాగ్యం ఎందరికి దక్కుతుంది?" అని గాలి తనిఖీ అధికారి నరసింగరావుగారు గద్గద స్వరంతో అడిగారు. సభయ్యాక పెట్టే భోజనాల్లో కోడికూర ఉందని అప్పటికే తెలిసిపోయింది కాబట్టి జనం గట్టిగా చప్పట్లు కొట్టారు. దాలమ్మ లేచి తాండ్ర దిమ్మ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"సూడండి బాబూ, రోజుకో పొర. మీ మిషను సెప్పనిది ఇది సెప్తన్నాది."

"తాండ్రను కొలత సాధనంగా ప్రభుత్వం ఇంకా గుర్తించలేదమ్మా. అయినా నీ శ్రద్ధ అభినందనీయం. నమూనాను పరీక్షకు పంపుతాం," అన్నారాయన. వేదిక మీది పెద్దలు అక్కడికక్కడే తలో ముక్క పరీక్షించారు. మధ్యమధ్య కరకరలాడడం కొత్తగా ఉందని మెచ్చుకున్నారు. మిగిలింది ప్రయోగశాలకు వెళ్లింది.

నెల తిరక్కుండానే నివేదిక వచ్చింది. సర్కారు పనులు నత్తనడకన సాగుతాయనేవారు ఇది గమనించాలి. తాండ్రలో బూడిద, లోహపు పొడి మితిమీరి ఉన్నట్టు రుజువైంది. గాలిలో మాత్రం లేవు. మల్లెపందిరి కింద రెండుసార్లు చూశారు. కనుక ఆ మసి దాలమ్మే కలిపి ఉండాలి. కల్తీ నేరం కింద తాండ్ర చెయ్యడం తక్షణం ఆపాలని ఆమె ఇంటి గోడకు నోటీసు అంటించారు.

"తాండ్ర మానేస్తాను బాబూ. మరి ఈ ఊపిరినేటి సెయ్యమంటారు? అదీ మానీమంటారా?" అంది దాలమ్మ.

అది తమ శాఖ పరిధిలోకి రాదని నరసింగరావుగారు మర్యాదగా వివరించారు.

వారం తర్వాత ఆయన తనిఖీకి వచ్చేసరికి నోటీసు మీద ఒక్క అక్షరమూ కనబడలేదు. జేబురుమాలు తీసి మసి తుడిచి, ఆదేశం స్పష్టంగానే ఉందని నిర్ధారించుకుని, దగ్గుకుంటూ జీపెక్కారు. దాలమ్మ చుట్టిపెట్టిన చాప మీది మసి దులుపుకుంది.

ఈ వేసవిలో మంచి తాండ్ర ముక్క ఎక్కడా దొరకలేదని మనమందరం ఎంతో బాధపడ్డాం. ఊరుకోలేదు కూడా. అంతటి అన్యాయాన్ని సహించలేక సంతకాలు సేకరించి, వేరే ఊరి నుంచైనా తాండ్ర తెప్పించమని కలెక్టరుగారికి అర్జీ పెట్టుకున్నాం.