గురునాథరావు గారి పదకొండు పేజీలు

ఆ బుధవారం గురునాథరావు అనుకున్న పని చాలా చిన్నది. కూర్మన్నపాలెం వెళ్లాలి. కొత్తగా తీసుకోబోతున్న క్రేన్ ఆపరేటర్ సింహాద్రి, రాసిచ్చిన చిరునామాలోనే ఉంటున్నాడో లేదో ఇరుగుపొరుగుని అడగాలి. పదిన్నరకల్లా రుషికొండ ఆఫీసుకి తిరిగొచ్చి టిఫిను తినాలి.

ఉద్యోగుల పూర్వాపరాలు చట్టప్రకారం వాకబు చేయడం కంపెనీలో ఆయన పని. దానికి రూల్సు రాసిందీ ఆయనే. రాతపూర్వక సమ్మతి లేనిదే ఎవరి గురించీ చెప్పరాదు. ఉద్యోగం ఇచ్చేదెవరో పొరుగువారికి తెలియరాదు కాబట్టి మెడలో కార్డు వేసుకోరాదు, ఫైలు ఆఫీసు దాటరాదు. మొత్తం పదకొండు పేజీలు. రాసిన రోజున తన తెలివికి తానే మురిసిపోయాడు మహానుభావుడు.

సింహాద్రి ఇంటి ఎదురుగా దేముడమ్మ టీకొట్టు. గురునాథరావు గ్లాసు అందుకుని గొంతు తగ్గించాడు.

"ఎదురింటి సింహాద్రి గారు ఎలాంటి మనిషండీ?"

దేముడమ్మ ఆయన ఇస్త్రీ చొక్కానీ, చేతిలో డైరీనీ చూసింది. పొద్దున్నే పెళ్లీడు కుర్రాడి గుణం గురించి ఆరా. ఇంకేం కావాలి?

"బంగారం నాంటి గుంటడు బాబూ. తాగుడు నేదు, తిరుగుడు నేదు. ఇంతకీ మీ పిల్లేటి సదివింది?"

"పిల్ల కోసం కాదండీ."

"మరేటికి అడుగుతన్నారు?"

"అది చెప్పకూడదండీ."

సంబంధాలకొచ్చే వాళ్లంతా ముందు అలాగే అంటారని దేముడమ్మ అనుభవం. చిక్కల్లా ఏమిటంటే, పై వీధి తిరుమలరావు కూతురు జ్యోతిర్మయితో సింహాద్రికి పెళ్లి ఇదివరకే నిశ్చయమైంది. గురునాథరావు రెండో గ్లాసు ముగించేలోపు కబురు పై వీధికి చేరింది. స్టీలు ప్లాంటులో రిటైరైన తిరుమలరావు స్కూటరు మీద దిగాడు.

"మాకు ఖాయమైన కుర్రోడికి ఇంకో సంబంధం సూత్తన్నారేటి? ఐతే ఈ పెళ్లి మాకొద్దు. ఇప్పుడే ఆళ్లమ్మకి సెప్పేత్తాను."

గురునాథరావు గ్లాసు కింద పెట్టేశాడు. తన టిఫిను సంగతి సరే, ఎవరి పెళ్లో తన మూలంగా ఆగిపోయేట్టుంది.

"అయ్యో, నేను కంపెనీ మనిషినండీ. ఇది ఉద్యోగం కోసం వాకబు."

"కార్డేది?"

"వేసుకోకూడదండీ."

"కాయితం?"

"తేకూడదండీ."

"మరి నువ్వేటి మనిషివయ్యా?"

జనం పోగయ్యారు. గురునాథరావు ఆఫీసుకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. ఎత్తింది ఆయన చేతికింద పనిచేసే నాగశ్రీ.

"నేను మన కంపెనీ గురునాథరావునని వీరికి చెప్పమ్మా."

"సారీ సార్. ఉద్యోగి సమ్మతి లేకుండా చెప్పకూడదు. నాలుగో పేజీ సార్."

"ఆ ఉద్యోగిని నేనే. సమ్మతి ఇస్తున్నాను."

"ఫోన్లో చెల్లదు సార్. దాని కింద మీరే గీత కూడా గీశారు."

ఆమె మీద ఆయనకు కోపం రాలేదు. ఏ వెధవ రాశాడీ రూలు అనుకుందామంటే ఆ వెధవ తనే.

పోలీసుల్ని పిలుద్దామని ఎవరో అంటుండగా సింహాద్రి ఇప్పుడున్న చోట రాత్రి డ్యూటీ దిగి వచ్చాడు. సంగతి విని బండి డిక్కీలోంచి మడత కాగితం తీశాడు.

"మావయ్యా, ఈ సారు నాకు తెలుసు. నా గురించి అడగడానికి మొన్న నాసేత నాలుగు సంతకాలెట్టించినారు. కాపీ ఒకటి దాసుకోమని ఈరే సెప్పినారు. నానే ఉద్దోగం వొచ్చినాక సెబుదామనూరుకున్నాను."

తిరుమలరావు కాగితం రెండుసార్లు చదివాడు. కోపం దిగింది.

"నాలుగు సంతకాలా? పిల్లనిత్తన్న నాను ఒక్కటీ ఎట్టించనేదు. ఆ రిపోర్టేదో నాకూ ఒకటియ్యండి బాబూ."

"దానికి అబ్బాయి సమ్మతి కావాలండీ," అన్నాడు గురునాథరావు అలవాటుగా. సింహాద్రి నవ్వుతూ పెన్ను తీసి ఐదో సంతకం పెట్టాడు.

సాయంత్రం గురునాథరావు ఉన్నదున్నట్టు రిపోర్టు రాశాడు: "అభ్యర్థి చిరునామా సరైనదే, మనిషి నమ్మదగినవాడు. వాకబుకి వెళ్లిన అధికారి ఎవరన్నది మాత్రం అభ్యర్థి పూచీ మీద తేలింది."