ఓడ మాటల పందెం

కరూ మెట్టసీమలో బడిపంతులుగా రిటైరైన లోడెవేక్‌కి చలికాలం వచ్చిందంటే ఏదో ఒక పాండిత్యం పుట్టుకొస్తుంది. ఈసారి తమ ఆఫ్రికాన్స్ భాషలోని మాటల పుట్టుక మీద వ్యాసం రాశాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి హాల్లో చదవాలి. సారాంశం ఏమిటంటే, అసలు మాటలన్నీ హాలండ్ నుంచి ఓడెక్కి వచ్చాయి. తక్కినవి దారిలో గుడ్డకి అంటుకున్న పల్లేరుకాయలు.

భార్య ఖ్రీట్ స్వెట్టరు అల్లుతూనే అంతా విని, తను రానంది. ఆమె అమ్మమ్మ గొర్రెలు కాసుకుని బతికిన, ఓడలు రాకముందు నుంచీ ఆ నేల మీదే ఉన్న ఖోయ్ జాతి మనిషి.

"మా అమ్మమ్మ మాటలు పల్లేరుకాయలైతే, ఆవిడ మనవరాలికి ముందు వరసలో కుర్చీ ఎందుకు మాస్టారూ?"

ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆమె ముందు వరసలో కూర్చుని తలూపితేనే లోడెవేక్‌కి రెండో వాక్యం నోట్లోంచి వచ్చేది. అందుకని ఒక ఎత్తు వేశాడు. శనివారం పొద్దున లేచింది మొదలు దీపాలు పెట్టేదాకా ఓడ మాటలతోనే బతుకుతాడు. గెలిస్తే ఆమె రావాలి. ఒక్క పల్లేరు మాట జారినా ఓడినట్టే.

"సరే. తీర్పరిని నేను, సాక్షి మీ నిఘంటువు," అంది ఖ్రీట్.

శనివారం కాఫీ కప్పు కింద సాసరు లేదు. అడగబోయి నాలుక కరుచుకున్నాడు. పీరింగ్ అన్న మాట మలయా వాళ్లది. కాఫీ పంట్లాం తాగింది. మొక్కజొన్న జావ అడుగుదామంటే మీలీ పోర్చుగీసు వాళ్లది. కోటు అడుగుదామంటే బాయ్‌కీ మళ్లీ మలయా వాళ్లదే. ఖాళీ కడుపుతో, ఒంటి చొక్కాతో, మంచు కురిసిన పెరట్లోకి వెళ్లొచ్చాడు. చలిగా ఉందా అని ఖ్రీట్ ప్రేమగా అడిగింది. 'చాలా' అనడానికి వాడే బాయ కూడా ఓడెక్కలేదని గుర్తొచ్చి, పళ్లు టకటకలాడుతుంటే, కొంచెం అన్నాడు.

మధ్యాహ్నం కూతురు తన ఏడాదిన్నర పిల్ల మింకీని వదిలి ఊళ్లోకి వెళ్లింది. పిల్లకి పళ్లొస్తున్నాయి, ఒకటే ఏడుపు. ఖ్రీట్ నడుం పట్టేసిందని మంచమెక్కింది. ఆ నడుం పొద్దున బాగానే ఉంది.

లోడెవేక్ పాడాడు, గెంతాడు, గరిటె ఇచ్చాడు. గరిటె తిరిగి ఆయన నెత్తికే తగిలింది. చివరికి ఖ్రీట్ శాలువా తీసి పిల్లని వీపున కట్టుకున్నాడు. అనకూడదనే గానీ చెయ్యకూడదని పందెంలో లేదుగా. పెరట్లో మూడో చుట్టుకి ఏడుపు ఆగింది.

సరిగ్గా అప్పుడే చర్చి పెద్ద ఓబర్‌హోల్జర్ వచ్చాడు. ఆయన గొంతు గంట కంటే పెద్దది. ఏం చేస్తున్నారు మాస్టారూ, వీపు మీద ఆ మూటేమిటని గేటు దగ్గర్నుంచే అడిగాడు. మింకీ కదిలింది. లోడెవేక్ ఓడంతా వెతికాడు; పిల్లని వీపున కట్టుకోవడానికి అందులో మాట లేదు. పెద్దాయన ఇంకోసారి అడగడానికి ఊపిరి పీల్చుకున్నాడు.

"అబ్బా," అన్నాడు లోడెవేక్ గుసగుసగా. "పిల్లని అబ్బా కట్టుకున్నాను."

కిటికీలోంచి ఖ్రీట్ తల కనబడింది.

"ఎవరిది మాస్టారూ ఆ మాట?"

"మీ అమ్మమ్మది."

"ఓడలో రాలేదా?"

లోడెవేక్ వీపు మీది వెచ్చదనాన్ని ఒకసారి సర్దుకున్నాడు. "లేదు ఖ్రీట్. వీపు మీద వచ్చింది."

ఆమె బయటికొచ్చి కోటు ఆయన భుజాల మీద, పిల్లతో సహా, కప్పింది.

పందెం ఓడాడు కనుక ఆమె రానక్కర్లేదు. అయినా ఆదివారం ఖ్రీట్ వచ్చింది, నేరుగా వేదిక మీదికి. మాట్లాడాల్సింది ఆమేనని తను ఒప్పించాడో, ఆమే తనని ఒప్పించిందో లోడెవేక్‌కి ఇప్పటికీ తేలలేదు. ముందు వరసలో కుర్చీ అంచున కూర్చుని, ఆమె ప్రతి మాటకీ తలూపాడు. వెనక్కి వాలడానికి లేదు మరి. వీపున మింకీ నిద్రపోతోంది.