మోరీలో చుక్క పడొద్దు

ఆ మంగళవారం పొద్దున మొగులయ్య మనసులో అనుకున్నది చాలా చిన్న పని. గేటుకు రెండో కోటింగు వేయాలి, మధ్యాహ్నానికల్లా సామాను సర్దుకోవాలి, దూలపల్లిలో ఇంటికి పోయి మంచం మీద నడుం వాల్చాలి. ఇరవై ఆరేళ్లుగా ఇళ్లకు రంగులు వేయిస్తున్న మేస్త్రీ అతను. ఇన్నేళ్లలో ఏ ఇల్లూ అతన్ని శామీర్‌పేట దగ్గరి ఈ గోపాలరావు ఇల్లు సతాయించినట్టు సతాయించలేదు.

గోపాలరావు రిటైరైన ఆఫీసరు, కాలనీ సంఘానికి అధ్యక్షుడు. 2003 వేసవిలో పట్నంలో పర్యావరణం మీద ఒక్క రోజు క్లాసుకు పోయొచ్చి, ఆ ఒక్క రోజునూ మూడు వారాలుగా మొగులయ్య మీద ప్రయోగిస్తున్నాడు. పాత రంగు గీకితే పెళ్లలు నేల మీద పడొద్దు, కింద తార్పాలిన్ పరవాలి. గోడను పొడిగా రుద్దొద్దు, తడిపి రుద్దాలి. బ్రష్షులు కడిగిన నీళ్లు మోరీలో పోయొద్దు, ఎందుకంటే మోరీ పోయి చెరువులో కలుస్తుంది. డ్రమ్ములో పట్టి, తేటపడనిచ్చి, అడుగున దిగిన మడ్డిని ఎండబెట్టి సంచికెత్తాలి. ఇన్నేళ్లూ కళ్లు మూసుకుని మోరీలో కుమ్మరించిన మనిషికి ఇదంతా చేతులు కట్టేసి వంట చేయమన్నట్టే ఉంది.

అయినా ఓర్చుకున్నాడు. ఒక్క చుక్క మోరీలో పడకుండా ఈ ఇల్లు పూర్తయితే, కాలనీలో మిగిలిన ఇరవై ఒక్క ఇళ్ల పనీ నీకేనని గోపాలరావు మాటిచ్చాడు మరి. మోకాళ్లు అరిగిపోయిన మొగులయ్యకు ఒక్కచోట ఏడాదికి పైగా పని దొరికితే, నిచ్చెనలు మోసుకుంటూ కీసర దాకా తిరిగే బాధ తప్పుతుంది.

ఆఖరి రోజైన ఆ మంగళవారం గోపాలరావు భార్య కమలాబాయి వాకిలి కడుక్కోవాలంది. మొగులయ్య, బావమరిది బాలేష్ కలిసి సగం నిండిన రెండు డ్రమ్ములను బాలింతను నడిపించినట్టు మెల్లగా జరిపి గేటు బయట పెట్టారు. పైన తేట నీళ్లు, అడుగున పిస్తా రంగు మడ్డి. మేడ్చల్ పోయి ట్రాలీ ఆటో తెస్తానని బాలేష్ వెళ్లాడు.

ఆ కాలనీకి మూడు రోజులకోసారి నీళ్ల ట్యాంకరు వస్తుంది. గేటు ముందు డ్రమ్ము ఉంటే నీళ్లు కావాలని అర్థం. అడిగేది లేదు, చెప్పేది లేదు, డ్రైవరు జనార్ధన్ అందులో పైపు వేసేస్తాడు. ఆ సంగతి మొగులయ్యకు తెలియదా అంటే తెలుసు. వచ్చినప్పటి నుంచి చూస్తూనే ఉన్నాడు. కానీ గేటు లోపలి వైపు రంగేస్తున్న మనిషికి బయట పైపు చప్పుడు వినిపించేదాకా అది గుర్తుకు రాలేదు.

అప్పటికే అడుగు మడ్డి పైకి లేచి, డ్రమ్ములు పొంగి, రోడ్డు మీద పిస్తా రంగు ఏరు పారుతోంది. గోపాలరావు ఇల్లు వీధి పల్లంలో ఆఖరిది, దాని పక్కనే మోరీ. మొగులయ్య పైపు లాగి పారేసి, పక్కింటి కట్టుబడి ఇసుక కుప్ప మీద పడ్డాడు. రెండు చేతులా ఇసుక తోడి అడ్డం పోశాడు. ఏరు మోరీకి జానెడు దూరంలో ఆగింది. హమ్మయ్య అనుకుని అక్కడే కూలబడ్డాడు.

అయితే జనార్ధన్ నీళ్లు కట్టేసినా, డ్రమ్ములో మునిగిన పైపు కొస నుంచి ఇంకా పచ్చగానే కారుతోంది. అంతకుముందే నీళ్లు పట్టుకున్న ఆడవాళ్లు అది చూశారు. ఏదో రసాయనాల కంపెనీ బోరు నీళ్లు తెచ్చి పోశాడని ఒకామె అంది. ఆ మాట వీధి చివరికి చేరేసరికి పక్క కాలనీలో నలుగురు ఆసుపత్రి పాలయ్యారట. కమలాబాయి అందరికంటే ముందు తన రెండు బకెట్లూ రోడ్డు మీద పారబోసింది. ఆమెను చూసి వీధంతా బిందెలు బోర్లించింది. వద్దు వద్దని మొగులయ్య చేతులూపితే, ప్రమాదం ఇంకా పెద్దదనుకుని ఇంకా జల్దీ పారబోశారు. ఆ మంచినీళ్లన్నీ కలిసి పల్లానికి వచ్చి, ఇసుక కట్టను కోసేసి, రంగు మొత్తాన్నీ మోరీలో కలిపేశాయి.

మగవాళ్లు జనార్ధన్‌ను చుట్టుముట్టారు. రేపటి నుంచి నీ ట్యాంకరు బంద్ అని గోపాలరావు ప్రకటించాడు. జనార్ధన్ మొహం మాడిపోయింది. మొగులయ్య నోరు మూసుకుంటే ఇరవై ఒక్క ఇళ్లు అతనివే. అతనికి ఏడుపొచ్చినంత పనయింది. అయినా లేచి నిలబడ్డాడు.

"సార్, గాయన్ని ఏమనకుండ్రి. ఆయన తెచ్చిన నీళ్లు మంచియే. గా రంగు నా డ్రమ్ములది."

గోపాలరావు మోరీ వైపు చూశాడు. "మరి మనం అనుకున్న మాటేంది, మొగులయ్యా?"

"యాదికున్నది సార్. నా నీళ్లు గా ఇసుక కాడ్నే ఆపిన. మోరీల కలిపింది నేను గాదు."

"మరెవరు?"

మొగులయ్య చేతులకంటిన ఇసుక దులుపుకున్నాడు. అప్పుడే ప్రాణం తిరిగొచ్చిన జనార్ధన్ మాత్రం ఆగలేదు. "ముందుగాల పారబోసింది అమ్మనే సార్."

కమలాబాయి ఖాళీ బకెట్లు రెండూ వెనక్కి దాచుకుంది. మిగతావాళ్లు ఎవరి బిందెలు వాళ్లు చూసుకున్నారు. గోపాలరావు రూలు మనిషి. మాట తప్పడానికి రూలు వెతికాడు, దొరకలేదు. చివరికి గొంతు సవరించుకుని, రేపు ఎదురింటి నుంచి మొదలుపెట్టమన్నాడు.

డ్రమ్ములు జరపాల్సిన ఇళ్లు ఇంకా ఇరవై ఒకటి దొరికాయన్న సంగతి మొగులయ్య మనసు కంటే ముందు నడుముకు తెలిసింది.