ఖాళీ అయితే నీదే

శనివారం భర్త జాన్‌బాబు ఆఫీసుకు వెళ్లగానే ఇంట్లో పనికిరాని సామానంతా తీసేయాలని తబిత నిశ్చయించుకుంది. కొన్నాళ్లుగా తెల్లవారుతూనే గుండె మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటోంది ఆమెకు. పంజాగుట్టలో డాక్టరు పరీక్షలన్నీ చూసి గుండెకేమీ లేదన్నాడు. "ఇంట్లో సామాను ఎక్కువా?" అని మాత్రం అడిగాడు. ఎక్కువేనంది. తగ్గించమన్నాడు. మందులేవీ రాయలేదు. అందుకే ఆయన మీద ఆమెకు నమ్మకం కుదిరింది.

అమీర్‌పేట సందులో రెండో అంతస్తు, రెండు గదుల అద్దె ఇల్లు. చుట్టూ ఉన్న మేడలన్నీ ఒక్కొక్కటిగా హాస్టళ్లయిపోయాయి. ఆ సందులో సంసారాలకు ఇచ్చే ఇల్లు ఇదొక్కటే మిగిలింది. కిటికీ తెరిస్తే ఎదుటి హాస్టలు తువ్వాళ్లు, మూస్తే అత్తగారి సామాను. మార్తమ్మగారు పోయి ఏడాది దాటింది. ఆమె చక్రాల కుర్చీ, మూతల్లేని హాట్‌బాక్సులు, ట్రంకుపెట్టె ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ పెట్టెను జాన్‌బాబు ఎన్నడూ తెరవలేదు. పక్కనుంచి వెళ్లినప్పుడల్లా మాత్రం ఒకసారి చేత్తో తాకేవాడు.

తబిత పాతసామాను కొనే మతీన్‌కు ఫోను చేసింది.

"మతీన్, ఇల్లు ఖాళీ చేస్తున్నాను. వచ్చి సామాను తీసుకుపో."

"ఖాళీ చేస్తున్రా అక్కా?" అతని గొంతులో నిజమైన విచారం పలికింది. "ఎప్పుడు?"

"ఇవాళే. ఆయన వచ్చేలోపు అయిపోవాలి."

"అన్నకు తెల్వదా?"

"తెలిస్తే చెయ్యనిస్తారా!"

మతీన్ ఎప్పుడూ తెచ్చే తోపుడుబండి వదిలేసి ట్రాలీ ఆటో తెచ్చాడు. కింది అంతస్తులో ఇంటి ఓనరు ఇమామ్ బీ మెంతికూర తుంపుతోంది. అతను ఆమె ముందు ఆగి తల దించుకున్నాడు.

"ఖాలా, తబితక్క ఇల్లు ఖాళీ చేస్తుంది. అన్నకు సుత చెప్పలేదంట."

ఇమామ్ బీ చేతిలో కట్ట అలాగే ఉండిపోయింది. మెట్లెక్కి అడిగితే సరిపోయేది. కానీ ఇన్నేళ్లు తన చేతి సేమ్యా తిని, ఒక్క మాటైనా చెప్పని మనిషి దగ్గరికి తానెందుకు వెళ్లాలి? ఆ పై అంతస్తు కోసం ఎస్.ఆర్. నగర్‌లో హాస్టళ్లు నడిపే రాజనర్సయ్య ఎప్పటినుంచో అడుగుతున్నాడు. అడిగినప్పుడల్లా పొమ్మనేది. ఇప్పుడు తనే ఫోను చేసింది.

"ఇల్లు ఖాళీ అయితే నీదే. ఇగో, జబాన్ ఇస్తున్న, మాట తప్ప."

మతీన్ సామాను దించుకుని అటు వెళ్లగానే, రాజనర్సయ్య కొలిచే టేపుతో ఇటు వచ్చాడు.

"నమస్తే అమ్మా. జర మంచాల సంగతి చూస్కుందామని వచ్చిన."

మతీనే ఎవరినో పంపాడనుకుంది తబిత. "మంచిదండీ. ఒకటి ఇచ్చేస్తాను."

"ఒకటేంది? గీ రూంల ఆరు పడ్తయి. కింద మూడు, మీద మూడు."

"మావి రెండేనండీ."

"మీవి ఎవలకు గావాలె? మావి ఇనుపయి. వంటిల్లు తీసేస్తే ఇంకో రెండు సుత పడ్తయి."

తబిత చేతిలో చీపురు ఆగింది. "వంటిల్లు తీసెయ్యడం ఏంటండీ? నేనెక్కడ వండుకోవాలి?"

"నాకేమెరుక? మీరు పోయేకాడ." సాయంత్రం వడ్రంగితో వస్తానని చెప్పి అతను వెళ్లిపోయాడు.

తబిత చీపురుతోనే కిందికి పరుగెత్తింది.

"ఇమామ్ బీ గారూ, మేమెక్కడికీ పోవట్లేదు!"

"మరి ఖాళీ చేస్తున్న అన్నవంట?"

"సామానండీ! చెత్త తీసేస్తే మనసు తేలికవుతుందని!"

"చెత్త తీస్తున్న అనాలె. పట్నమొచ్చి ఇన్నేండ్లాయె, ఖాళీ చేసుడంటే ఏందో నేర్వలే?" ఇమామ్ బీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "కానీ ఏం జెయ్యాలె బేటీ, జబాన్ ఇచ్చేసిన. మా ఆయన బాబూ మియా బతికున్నన్ని దినాలు ఒక్క జబాన్ తప్పలే. ఆయన పోయినంక నేను తప్పాలెనా?"

తబిత చేసిన ఫోను అందుకుని జాన్‌బాబు వచ్చాడు. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది తబితకు. ట్రంకుపెట్టె ఉండే చోట గచ్చు తెల్లగా మెరుస్తోంది. దానివైపే చూశాడు.

"ఈ చుట్టుపక్కల ఇంకెవరూ మనకు ఇల్లివ్వరు తబితా. సరే, ఎక్కడో ఉందాం. అమ్మ పెట్టె కూడా పోయిందా?"

పోయిందన్నట్టు ఆమె తల ఊపింది. అతను టిఫిను డబ్బా ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. ఆ కూర్చోవడం చూసి ఇమామ్ బీ చాలాసేపు మెంతికూర జోలికి పోలేదు.

"అరే, నేను ఏమని ఇచ్చిన జబాన్?" అంది ఉన్నట్టుండి. "'ఖాళీ అయితే' అన్న. మరి కాకపోతే?"

ముగ్గురూ పైకి చూశారు. జాన్‌బాబు మతీన్‌కు ఫోను చేశాడు.

మతీన్ ట్రాలీతో సహా తిరిగొచ్చాడు. ముందు తబితను పక్కకు పిలిచి, "అక్కా, అన్నను ఇడ్సిపెట్టి పోతలేవు గదా?" అని అడిగాడు. లేదని తేల్చుకున్నాక అసలు సంగతి చెప్పాడు. "తొవ్వల ఇంకో రెండిండ్ల సామాను ఎక్కించిన. అంతా కలిసిపోయింది. ఏరుడు నాతోని గాదు. మొత్తం దించుతున్న."

ట్రంకుపెట్టె వచ్చింది. దాంతోపాటు ఎవరిదో ఉన్నచోటే తొక్కే కసరత్తు సైకిలు, తలుపు లేని ఫ్రిజ్జు, ఏదో కోచింగ్ సెంటరు తెల్లబోర్డు వచ్చాయి. బోర్డు మీద పాఠం సగమే చెరిపి ఉంది.

సాయంత్రం రాజనర్సయ్య ఇమామ్ బీని వెంటబెట్టుకుని వడ్రంగితో వచ్చేసరికి తలుపు సగమే తెరుచుకుంది. సందులోంచి తల మాత్రం లోపలికి పెట్టాడు.

"ఖాళీ చేస్తున్రన్నరు?"

"చేస్తూనే ఉన్నామండీ," అన్నాడు జాన్‌బాబు, పెట్టె మీద కూర్చుని.

రాజనర్సయ్య ఇల్లంతా ఓసారి చూశాడు. "ఇది ఈ జన్మల ఖాళీ గాదు. సరే ఖాలా, నీ జబాన్ నీకే." మడతపెట్టిన టేపు జేబులో వేసుకుని, వడ్రంగిని అక్కడే వదిలి దిగిపోయాడు.

ఇమామ్ బీ తబిత చెయ్యి పట్టుకుంది. "నువ్వన్నది సుత నిజమే బేటీ. సామాను తగ్గితే మనసు తేలికైతది. మా బాబూ మియా బీరువా చూసినప్పుడల్లా నాకు దుఃఖమొస్తది. పారెయ్యబుద్ధి గాదు. మీ ఇంట్ల పెట్టుకో. రేపు ఇంకెవడన్న వచ్చి చూసినా ఫికర్ ఉండదు."

తబిత దారికడ్డంగా ఉన్న సైకిలును పక్కకు జరిపింది. జాన్‌బాబు, మతీన్, వడ్రంగి కలిసి బీరువాను మెల్లగా పైకి ఎక్కించారు.

అది లోపల పట్టడం కోసం తబితను కాసేపు బయట నిలబడమన్నారు.