మూలకణాల చెక్‌పోస్టు

సృష్టి ఎవరు చేశారన్న విషయంలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు గానీ, దాన్ని వర్గాలుగా విడగొట్టి ఒక దారిలో పెట్టింది మాత్రం సరిహద్దు చెక్‌పోస్టులే. తమిళనాడులోని హోసూరు దాటి కర్నాటకలోకి పోయే చోట, తిరిగి వచ్చే చోట, ప్రతి పదార్థమూ తానేమిటో చెప్పుకుని తీరాలి. గులాబీలు పూల వర్గం. కోళ్లు పశుసంపద. రాగులు ధాన్యం. మనుషులు ఏ వర్గంలోనూ లేరు కనుక వాళ్లను ఎవరూ అడగరు. ఈ ఏర్పాటు ఏళ్ల తరబడి నిక్షేపంగా నడిచింది. 2002లో డాక్టర్ భువన ఒక ఐసుపెట్టె పట్టుకుని రావడంతో చెడింది.

భువనది హోసూరు దగ్గర అత్తిముగం. తండ్రి దొడ్డప్ప రాగి, టమాటా పండించే రైతు. ఆమె బెంగళూరులో రక్త మూలకణాల మీద డాక్టరేటు చేసి, తొంభైల చివర్లో హోసూరు పారిశ్రామికవాడలో ఒక ట్రస్టు పెట్టిన చిన్న పరిశోధన కేంద్రంలో చేరింది. ఒక పక్క బోల్టులు చేసే కార్ఖానా, ఇంకో పక్క లారీ బ్రేకులు చేసే కార్ఖానా. (పారిశ్రామికవాడలో ఉన్నది పరిశ్రమే అయి తీరాలి గనుక తనిఖీ అధికారి ఏటా వచ్చి, షిఫ్టుకు ఉత్పత్తి ఎంత అని అడిగేవారు. "ఇంకా ఏమీ తేలలేదు సార్" అని భువన నిజం చెప్పేది. ఆయన "సమ్మె" అని రాసుకుని పోయేవారు.)

ఆమె పట్టుకున్న ప్రశ్న చిన్నదే. ఒక రకం రక్త క్యాన్సర్‌కు మంచి మాత్రలు వచ్చాయి. అవి వేసుకుంటే చెడ్డ కణాలు దాదాపు అన్నీ చచ్చి మనిషి లేచి తిరుగుతాడు. కానీ ఎముక మజ్జలో ఏ మూలనో కొన్ని మూలకణాలు నిద్రపోతూ మిగిలిపోతాయి. కొందరిలో కొన్నేళ్లకు అవే లేచి జబ్బును మళ్లీ తెస్తాయి. అవి ఎందుకు నిద్రపోతాయి, వాటిని ఎవరు లేపుతారు? తెలుసుకోవాలంటే ఒకే మనిషి మజ్జ రెండుసార్లు కావాలి, మందుకు ముందు ఒకసారి, జబ్బు తిరగబెట్టాక ఒకసారి. అదీ కణాలు బతికుండగా ప్రయోగశాలకు చేరాలి.

ఆ మనిషి కోటమ్మ. హోసూరు పక్కనే బాగలూరులో భర్త అంజినప్పతో కలిసి గులాబీ తోట పెంచేది. బెంగళూరులో ఒక పెద్దాసుపత్రిలో జబ్బు బయటపడ్డ వారమే భువన వెళ్లి ఆమె మంచం పక్కన కూర్చుంది.

"నడుము ఎముకలో సూది గుచ్చుతారక్కా. నొప్పి ఉంటాది."

"గులాబి తోటలో పనిచేసేదాన్ని. నాకు ముల్లు కొత్తా?" అంది కోటమ్మ. మళ్లీ తనే, "దీంతో నాకు నయమయితాదా?" అని అడిగింది.

"మీకు కాదక్కా. తరవాత వచ్చేటోళ్లకు. అదీ నమ్మకంగా చెప్పలేను."

"సరే తీసుకో. వచ్చేటోళ్లు యాడన్నా ఉంటారు గదా."

ఆ మజ్జతోనే భువన మొదటిసారి చెక్‌పోస్టు ముందు నిలబడింది. అధికారి అశ్వత్థనారాయణ పెట్టె మూత ఎత్తి చూసి, ఇది ఏ సరుకని అడిగాడు. ఆమె ఓపికగా అంతా వివరించింది.

"కొన్ని కణాలు ఏ పనీ చెయ్యవు సార్. నిద్రపోతా ఉంటాయి. పనిచేసేటివి మందుకు చస్తాయి, నిద్రపోయేటివి బతికిపోతాయి."

అశ్వత్థనారాయణ తన ఆఫీసు లోపలికి ఒకసారి చూశాడు. "ఇది మీరు కనిపెట్టినారా మేడమ్? మా డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలిసిందే."

ఆయన మంచివాడు. సరుకు యజమాని పూలరైతే కదా అని "పూలు" అని రాసి పంపించాడు.

ఆ ఒక్క మాటే కొంపముంచింది. పూలు హోసూరు నుంచి బెంగళూరుకు పోతాయి గానీ, బెంగళూరు నుంచి హోసూరుకు ఎందుకు వచ్చాయని ఆడిట్ వారు అడిగారు. భువన జిల్లా కేంద్రం ధర్మపురికి వెళ్లి నిజం చెప్పింది. చెప్పినప్పుడు, కణాలు ప్రయోగశాలలో ఇప్పుడు బాగా పెరిగాయని కూడా అనేసింది. (శాస్త్రజ్ఞులకు ఉన్న దురలవాటు ఇది.) లోపలికి వచ్చిన సరుకు కంటే ఉన్న సరుకు ఎక్కువైతే, ఎక్కువైనది ఏ దారిన వచ్చినట్టు? దీన్ని తేల్చడానికి "జీవపదార్థ సంచార వర్గీకరణ సంఘం" ఏర్పడింది. సంఘంలో ఒక పశువైద్యుడు, ఒక తూనికల అధికారి, పదవీ విరమణకు దగ్గరపడ్డ ఒక అటవీ ఉద్యోగి ఉన్నారు. తూనికల ఆయన కణాలను కిలోల్లో చెప్పమన్నారు. పశువైద్యుడు వాటికి టీకాలు వేయించారా అని అడిగారు. అటవీ ఉద్యోగి ఏమీ అడగలేదు. ఆయన నిద్రపోతున్నారు.

ఇంతలో 2004లో ధర్మపురి నుంచి కృష్ణగిరి విడివడి వేరే జిల్లా అయింది. కణం రెండుగా విడిపోతే రెండింటిలోనూ పూర్తి సమాచారం ఉంటుంది. జిల్లా రెండుగా విడిపోతే ఫైలు రెండింటిలోనూ ఉండదు. ధర్మపురివారు పంపించామన్నారు, కృష్ణగిరివారు రాలేదన్నారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారని భువనకు అనిపించడం మొదలైంది.

మరుసటి ఏడు వేసవిలో కోటమ్మ జబ్బు తిరగబెట్టింది. ఆసుపత్రిలో రెండోసారి మజ్జ తీశారు. ఈసారి కోటమ్మ పళ్లు బిగపట్టి కళ్లు మూసుకుంది, ముల్లు మాట ఎత్తలేదు. భువన పెట్టె ఒళ్లో పెట్టుకుని బయలుదేరింది. చెక్‌పోస్టులో అశ్వత్థనారాయణ ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

"మునుపైతే రాసి పంపిస్తా ఉంటిని మేడమ్. ఇప్పుడు ఫైలు ఉండాది. ఫైలు ఉండేటప్పుడు నేను చేసేదానికి ఏమీ లేదు."

"ఫైలు యాడుండాది సార్?"

"అది తెలిస్తే పని అయిపోతా ఉండె."

ఆమెకు కుర్చీ వేయించాడు. ఎళనీరు బోండాం తెప్పించాడు. పెట్టెకు సీలు వేయించి నీడలో ఫ్యాను కింద పెట్టించాడు. ఐసు కరుగుతోంది, కొత్తది వేయనివ్వండి అని భువన అడిగితే, జప్తులో ఉన్న సరుకులో ఏదీ కలపకూడదనే నిబంధన చూపించాడు. చూపిస్తూ ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు. కృష్ణగిరికి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. సాయంత్రానికి జవాబు వచ్చింది. బతికున్నవైతే వర్గం తేలాలి, చచ్చినవైతే అభ్యంతరం లేదు. అప్పటికి ఆ రెండో వర్గం తేలిపోయింది. పెట్టె వదిలేశారు.

ప్రయోగశాలలో మైక్రోస్కోపు కింద ఒక్క కణం కూడా బతికి లేదు. భువన స్లైడు మార్చి మళ్లీ చూసింది. తర్వాత బాగలూరుకు వెళ్లి, ఆ నొప్పంతా వృథా అయిందని తానే చెప్పింది. ఫోనులో చెప్పే మాట కాదది.

కోటమ్మ అరుగు మీద గోడకు ఆనుకుని విన్నది. "ఆ కణాలు నా ఒంట్లో పెట్టుకుని ఆ చెక్‌పోస్టు ఎన్నిసార్లు దాటినానో. బస్సులో నాకు ఒక్కదానికే టికెట్టు ఇస్తా ఉండ్రి. ఒకరూ ఆపలేదు." నవ్వబోయి దగ్గింది. "నేనే హోసూరికి వస్తాను. ఆడనే తియ్యి."

"వద్దక్కా. ఇప్పటికే రెండు తూర్లు అయింది."

"సుమ్నే ఊరుకోమ్మా. నొప్పి నాది గదా, సర్కారుది కాదు గదా."

హోసూరులో డాక్టర్ కస్తూరి తన నర్సింగ్‌హోమ్‌లో మూడోసారి మజ్జ తీసింది. భువన కోటమ్మ చెయ్యి పట్టుకుంది. ఎవరు ఎవరి చెయ్యి నొక్కారో ఇద్దరికీ తెలియలేదు. షేర్ ఆటోలో పెట్టె ప్రయోగశాలకు చేరేసరికి ఐసు కరగనే లేదు. అన్నీ బతికున్నాయి. వాటి మధ్య, ఏ పనీ చేయకుండా, ఏ మందుకూ చిక్కకుండా, భువన ఏళ్లుగా వెతుకుతున్న ఆ కొన్ని కూడా ఉన్నాయి.

కోటమ్మ చూస్తానంది. అంజినప్ప ఆమెను పట్టుకుని తీసుకొచ్చాడు. ఆమె ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

"ఇంత చిన్నవా? వీటికా ఇంత రాద్ధాంతం?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నిద్రపోతా ఉండాయి గదా. లేపొద్దమ్మా" అంది.

ఆ చలికాలంలోనే ఆమె పోయింది. భువన వ్యాసం అచ్చయింది. కోటమ్మ కణాలు ఫ్రీజరులో ఉన్నాయి, తర్వాతి ప్రయోగాల కోసం.

2007లో ఉత్తర్వు వచ్చింది. జీవకణాలకు ప్రత్యేక వర్గం కల్పించారు. ఇకపై శ్రీమతి కోటమ్మ గారి కణాలు ఏ ఆటంకమూ లేకుండా సరిహద్దు దాటవచ్చు. నియమం ఒక్కటే. పెన్షనుదారుల మాదిరి యజమాని ఏటా నవంబరులో, తాను జీవించి ఉన్నట్టు నిరూపించుకోవాలి.

భువన కృష్ణగిరి వెళ్లింది. సూపరింటెండెంట్ అమర్‌నాథ్ కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఓనరు రాలేదా?"

"చనిపోయినారు సార్."

"అయితే సరుకు నాశనం చెయ్యాల."

"సరుకు బతికే ఉండాది సార్."

"ఓనరు పోయినంక సరుకు ఎట్ల బతుకుతాది?"

"ఓనరూ సరుకూ వేరే కాదు సార్. అవి ఆమె కణాలే."

అమర్‌నాథ్ నిజాయితీపరుడు, తేలనిదాన్ని తేలిందని రాయడు. కాగితం మీద 'ఉన్నారు', 'లేరు' అని రెండే గళ్లున్నాయి. ఆయన స్కేలు తీసుకుని, మూడో గడి గీసి, అందులో "పాక్షికంగా ఉన్నారు" అని రాసి ముద్ర వేశాడు. భువన ఆ మాటలో శాస్త్రపరమైన తప్పు ఏదైనా ఉందా అని వెతికింది. దొరకలేదు.

కొన్ని నెలలకు అంజినప్ప వచ్చాడు. తోట పట్టా తన పేరుకు మార్చమంటే, కృష్ణగిరి రికార్డు ప్రకారం ఆమె పూర్తిగా పోలేదని వెనక్కి పంపారట. భువన తల వంచుకుంది.

"నా వల్లనే అన్నా. కణాలు పారేసినామని రాసిస్తే ఆమె పూర్తిగా పోయినట్టు లెక్క. మీ పని అయిపోతాది. రాసిస్తాను."

అంజినప్ప ఫ్రీజరు వైపు చూశాడు. "అందులోనేనా?"

"అవును."

"నిజంగా బతికే ఉండాయా?"

"ఉండాయన్నా."

ఆయన తువ్వాలు భుజం మార్చుకున్నాడు. "పట్టా అట్లనే ఉండనీమ్మా. ఇంట్లో లేదు, తోటలో లేదు. ఒక ఆఫీసులో అన్నా ఉండాదంటా ఉండారు గదా."

అప్పటినుంచి డాక్టర్ భువన ప్రతి నవంబరులో కృష్ణగిరికి వెళ్లి కోటమ్మ తరఫున సంతకం చేసి వస్తోంది. ఆమె పరిశోధనా జీవితంలో ఎవరూ ఒక్క ప్రశ్నయినా వేయకుండా ఆమోదించిన ఫలితం ఇప్పటికి అదొక్కటే.