తాళం వేసిన మహానాయకుడు

దేశనాయకుల స్మారకాలకు తాళమెందుకని గొణిగేవాళ్లకు దేశభక్తి లేదు! తాళానికున్న గౌరవం పూలదండకు ఉందా? దండ సాయంత్రానికి వాడిపోతుంది. తాళం తుప్పు పట్టినా ఊడదు.

తిరుమలమ్మాళ్‌కు ఈ సూక్ష్మం తెలియదు. నల్లరేగడిలో అరవై ఏళ్లుగా పత్తి ఏరుతున్న మనిషికి ఎలా తెలుస్తుంది? ఆమె కాపురానికి వచ్చిన ఏడాదే ఒక మాజీ ప్రధాని, అప్పటికి ప్రధానే లెండి, వాళ్ల పొలం గట్టు మీద కూర్చుని మజ్జిగ తాగి, ఈ ఊరికి కరెంటు వస్తుందన్నాడు. విచిత్రం, వచ్చింది! మాట నిలబెట్టుకున్న నాయకుణ్ణి దేవుడనుకోక ఏం చేస్తారు? అప్పటినుంచి ఆ ఇంట్లో తొలిసారి ఏరిన పత్తితో రెండు ఒత్తులు చేస్తారు. ఒకటి కులదేవతకు, ఒకటి ఆయనకు.

ఇన్నేళ్లూ ఆయన ఒత్తి కేలండర్ బొమ్మ ముందు వెలిగింది. పోదనూరు దాటాక ఆయనకు ఆరుబయట స్మారకం కట్టారని విని, ఈ ఏడు ఒత్తి కొంగున ముడివేసుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. వచ్చే ఏడు మోకాళ్లు ఇంత దూరం రానివ్వవని ఆమెకు తెలుసు.

ఆహా, ఏం స్మారకం! నిలువెత్తు విగ్రహం, చుట్టూ ఇనుప కమ్మీలు, గేటుకు కొబ్బరికాయంత తాళం. గడ్డి మీద నడవరాదు. మెట్ల మీద కూర్చోరాదు. పూలు తీసుకురాకూడదు. లోపల కాగితం ముక్క లేదు, ఉమ్మిన మరక లేదు, మనిషి లేడు. ఇంత శుభ్రమైన ప్రజానాయకుడు ఇంకెక్కడ దొరుకుతాడు?

వాచ్‌మన్ నందకుమార్ కూడా ఆమెలాగే తమిళదేశంలో పుట్టిన తెలుగింటివాడే. నొచ్చుకుంటూనే చెప్పాడు.

"ఏడాదికి రెండు దినాలే తెరిచేది అవ్వా. పుట్టిన దినం, పోయిన దినం. అప్పుడూ పాసు ఉండాల."

"దీపం పెట్టి పోతా తంబీ. ఒక్క నిమిషం."

"సావి నా దగ్గర లేదవ్వా. ఆఫీసర్ దగ్గర ఉండాది."

చూశారా ఎంత పకడ్బందీ ఏర్పాటో! కాపలావాడి చేతికే తాళంచెవి ఇవ్వలేదు. బతికినన్నాళ్లూ జనంలో పడి నలిగిన మనిషికి ఇన్నాళ్లకు జనం బెడద తప్పింది.

తిరుమలమ్మాళ్ గేటు బయటే సంచిలోని ప్రమిద పెట్టి, కొంగుముడిలోని ఒత్తి వేసి వెలిగించింది. నందకుమార్ గాలికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె కమ్మీల సందులోంచి ఆయన్ను చాలాసేపు చూసింది. కోపం రాలేదు, జాలి వేసింది.

"పాపం తంబీ," అంది మెల్లగా, "ఆయన బయటికి రావాలంటేనో? ఆయన దగ్గరైనా సావి ఉండాదా?"